పొరుగు దేశాల పరుగు (తూర్పు ఆఫ్రికా కథలు – 11)

1968 అక్టోబరు 13. మెక్సికో సిటీ ఒలింపిక్ స్టేడియంలో 10,000 మీటర్ల ఫైనల్. ఆ ఊరు సముద్రమట్టానికి 2,240 మీటర్ల ఎత్తున ఉంది, గాలి పల్చన. ప్రపంచ రికార్డు తన పేరున ఉన్న ఆస్ట్రేలియా వీరుడు రాన్ క్లార్క్ చివరి ల్యాపుల్లో వెనకబడి, ఆరో స్థానంలో గీత దాటి అక్కడే కుప్పకూలాడు. ముందున్న వాళ్లకు మాత్రం ఊపిరి కొరవడినట్టే లేదు. ఇథియోపియా సైనికుడు మామో వోల్డే ఆఖర్లో ఒక్క ఊపున దూకాడు. కెన్యా సైనికుడు నఫ్తాలి తెము వదల్లేదు. చివరి సూటిదారిలో పక్కకొచ్చాడు, దాటేశాడు. తెముకు 29 నిమిషాల 27.4 సెకన్లు, వోల్డేకు 29 నిమిషాల 28 సెకన్లు.

కెన్యాకు అది మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. స్వతంత్రం వచ్చి అప్పటికి ఐదేళ్లు నిండలేదు. ఆ పతకం పొరుగువాణ్ని ఓడించి తెచ్చుకున్నది కావడంతో దాని రుచే వేరు.

సరిగ్గా వారానికి లెక్క సరిపోయింది. అక్టోబరు 20న జరిగిన మారథాన్‌లో వోల్డే 2 గంటల 20 నిమిషాల 26 సెకన్లలో గెలిచాడు. తెము కూడా ఆ పరుగులో ఉన్నాడు గానీ పందొమ్మిదో వాడుగా వచ్చాడు. అదే రోజు 1,500 మీటర్ల ఫైనల్లో కెన్యా మళ్లీ లేచింది. కిప్‌చోగె కెయినోకు పిత్తాశయం ఇన్ఫెక్షన్. కడుపులో నొప్పి, పరిగెత్తవద్దని డాక్టర్ల మాట. పైగా వెళ్తున్న బండి ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. దిగి, స్టేడియం దాకా పరుగున వెళ్లి, మళ్లీ అక్కడ పరిగెత్తి, అమెరికా ఆశాజ్యోతి జిమ్ ర్యున్‌ను చాలా దూరంలో వదిలేసి గెలిచాడు. కెన్యాలో అప్పట్లో అక్టోబరు 20 కెన్యాట్టా దినం. 1952లో జోమో కెన్యాట్టాను బ్రిటిష్ ప్రభుత్వం అరెస్టు చేసిన రోజు. ఏ దేశమైనా ఇంతకంటే మంచి ముహూర్తం కోరుకోదు.

పోయిన భాగంలో గొస్సేజ్ కప్ గురించి చెప్పుకున్నాం. 1926లో ఒక సబ్బుల కంపెనీ ఇచ్చిన ఆ కప్పు కోసం కెన్యా, ఉగాండా ఫుట్‌బాల్ జట్లు తలపడేవి. ఆ తర్వాత టాంగన్యీకా, జాంజిబార్ చేరాయి. అదంతా బ్రిటిష్ జెండా కిందే, ఒకే ఇంటి గదుల మధ్య జరిగిన పోటీ. ఇథియోపియా ఆ ఇంటిది కాదు. దానికి తన చక్రవర్తి ఉన్నాడు, తన లిపి ఉంది, తన క్యాలెండర్ కూడా ఉంది. ఈ వీధిలోకి ఆ దేశం ట్రాక్ మీదుగా అడుగుపెట్టింది.

ఆ అడుగుకు చెప్పులు లేవు. 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వామి బిరాతు జబ్బుపడితే, ఆయన స్థానంలో చక్రవర్తి అంగరక్షక దళం సిపాయి అబెబె బికిలాను జట్టులోకి తీసుకున్నారు. కొత్త బూట్లు కరవడంతో బికిలా వట్టికాళ్లతో దిగాడు. ఇటలీ అప్పటికి పాతికేళ్ల కిందటే ఇథియోపియా మీద దండెత్తి, అక్సుం నుంచి ఒక రాతి స్తంభాన్ని ఎత్తుకొచ్చి రోమ్‌లో నిలబెట్టుకుంది. మారథాన్ దారి ఆ స్తంభం పక్కనుంచే పోతుంది. బికిలా, అతని స్వీడిష్ కోచ్ ఒన్ని నిస్కానెన్ ముందుగానే దాన్ని గుర్తుపెట్టుకున్నారు. ఆఖరి దూకుడు అక్కడే మొదలుపెట్టాలని. చీకటి పడ్డాక, దివిటీల వెలుగులో, కాన్‌స్టంటైన్ తోరణం దగ్గర 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లకు అతను ముగించాడు. ప్రపంచంలోనే అప్పటిదాకా ఎవరూ అంత వేగంగా మారథాన్ పరిగెత్తలేదు. అదే రోమ్‌లో, ఇంకా బ్రిటిష్ వలస ప్రాంతంగానే పాల్గొన్న కెన్యా తరఫున న్యాండికా మైయోరో 5,000 మీటర్లలో ఆరో స్థానంలో వచ్చాడు. ఆ సంగతి ఇవాళ కెన్యాలో కూడా ఎక్కువమందికి గుర్తులేదు.

నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బికిలా మళ్లీ గెలిచాడు, ఈసారి బూట్లతో. అపెండిక్స్ ఆపరేషన్ జరిగి ఆరు వారాలే అయింది. ముగించాక మైదానంలో పడుకుని కాళ్లు చేతులు ఆడిస్తూ కసరత్తు చేశాడు. బ్యాండ్ వాళ్లకు ఇథియోపియా జాతీయగీతం రాకపోవడంతో జపాన్ గీతం వాయించేశారు. కెన్యాకు మొదటి ఒలింపిక్ పతకం కూడా ఆ టోక్యోలోనే వచ్చింది. 800 మీటర్లలో విల్సన్ కిప్రుగుట్ తెచ్చిన కాంస్యం. ఒకరికి రెండు స్వర్ణాలు, మరొకరికి ఒక కాంస్యం. మెక్సికోలో తెము ఎందుకంత పట్టుబట్టాడో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది.

మన పత్రికలు క్రికెట్ మ్యాచ్‌కు ముందు రాసే 'దాయాదుల పోరు'లో ఉండే కసి ఈ కథలో వెతికితే దొరకదు. కెన్యా, ఇథియోపియాల మధ్య ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా సరిహద్దు ఉంది గానీ, ఆ సరిహద్దు కోసం రెండు దేశాలూ యుద్ధం చేయలేదు. ఉక్రోషం ఉంది, అది ట్రాక్ గీతల లోపలే ఉంది. మిగతా పొరుగుల మధ్య సంగతి అంత సాఫీగా లేదు.

ఉగాండానే చూడండి. 1972 మ్యూనిక్‌లో 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్. పోలీసు ఉద్యోగి జాన్ అకీబువాకు అందరూ వద్దనుకునే ఒకటో లేను దక్కింది. అక్కణ్నుంచే 47.82 సెకన్లలో ప్రపంచ రికార్డుతో గెలిచి, ఉగాండాకు తొలి ఒలింపిక్ స్వర్ణం తెచ్చాడు. దేశాన్ని అప్పుడు ఏలుతున్నది ఇదీ అమీన్. ఆసియా వాసులందరూ 90 రోజుల్లో దేశం వదలాలని ఆ ఆగస్టులోనే హుకుం జారీచేశాడు. నాలుగేళ్లకు కెన్యా పశ్చిమ భాగం తమదేనన్నాడు. 1978లో టాంజానియా మీదికి సైన్యం నడిపి, ఆ యుద్ధంలోనే గద్దె పోగొట్టుకున్నాడు. 1979లో ఆ గందరగోళంలో అకీబువా కుటుంబంతో పారిపోయి చేరింది కెన్యాకే. ఒలింపిక్ విజేత అక్కడ కాందిశీకుల శిబిరంలో తలదాచుకున్నాడు. తర్వాత జర్మనీ బూట్ల కంపెనీ పూమా అతణ్ని తీసుకెళ్లి ఉద్యోగమిచ్చింది.

టాంజానియా వంతు 1974లో వచ్చింది. క్రైస్ట్‌చర్చ్ కామన్వెల్త్ క్రీడల్లో 1,500 మీటర్ల ఫైనల్. అంతకు ముందు ఏడాది లాగోస్‌లో కెయినోనే ఓడించిన ఫిల్బర్ట్ బాయికి ఒకటే వ్యూహం తెలుసు: తుపాకీ పేలగానే ముందుకు పోవడం, ఎవరూ పట్టుకోకుండా ముగించడం. 1,500 మీటర్లను అలా పరిగెత్తేవాళ్లు ఆఖర్న చతికిలబడతారని నిపుణులంతా నమ్మేవారు. బాయి 3 నిమిషాల 32.16 సెకన్లలో ప్రపంచ రికార్డు పెట్టాడు. వెనక తరుముకొచ్చిన న్యూజీలాండ్ వీరుడు జాన్ వాకర్ కూడా పాత రికార్డును దాటాడు, అయినా రెండోవాడే. అదే క్రీడల్లో 5,000 మీటర్లు, స్టీపుల్‌చేజ్ రెండూ గెలిచిన కెన్యా వీరుడు బెన్ జిప్చో ఇందులో మూడో స్థానంతో సరిపెట్టుకున్నాడు.

ఇక్కడి నుంచి కథలో పెద్ద ఖాళీ. ఈ పోటీ గురించి రాసేవాళ్లు చాలామంది 1968 నుంచి నేరుగా 1990లలోకి దూకేస్తారు. కానీ ఆ ఖాళీయే అసలు విషయం. 1972 తర్వాత ఇరవై ఏళ్లపాటు కెన్యా, ఇథియోపియా ఒక్క ఒలింపిక్స్‌లోనూ ఎదురుపడలేదు. న్యూజీలాండ్ రగ్బీ జట్టు దక్షిణాఫ్రికాలో ఆడినందుకు నిరసనగా 1976లో రెండూ మాంట్రియల్ మానుకున్నాయి. 1980లో అఫ్ఘానిస్థాన్ పేరుతో అమెరికా పిలుపిచ్చిన బహిష్కరణకు కెన్యా తలూపింది. సైనిక పాలనలో సోవియట్ పక్షాన ఉన్న ఇథియోపియా మాస్కో వెళ్లింది. 1984లో సీను తిరగబడింది. లాస్ ఏంజెలస్‌కు కెన్యా వెళ్లింది, ఇథియోపియా మానేసింది. 1988 సోల్‌కూ అంతే.

1980 బహిష్కరణకు మద్దతు కూడగట్టమని అమెరికా అధ్యక్షుడు కార్టర్ బాక్సర్ మహమ్మద్ అలీని ఆఫ్రికా పంపాడు. టాంజానియాలో అధ్యక్షుడు న్యెరేరే ఆయన్ను కలవనే లేదు. కెన్యా అప్పటికే సరేనంది. ఫలితం పతకాల పట్టికలో కనిపిస్తుంది. మాస్కోలో ఇథియోపియా వీరుడు మిరుత్స్ యిఫ్టర్ 5,000, 10,000 రెండూ గెలిచాడు. టాంజానియాకు బాయి స్టీపుల్‌చేజ్‌లోనూ, సులేమాన్ న్యాంబుయి 5,000లోనూ రజతాలు తెచ్చారు. ఆ దేశానికి ఇప్పటికీ ఒలింపిక్ పతకాలు ఆ రెండే. అదే కెన్యా సోల్‌లో ఇథియోపియా లేని ట్రాక్ మీద 800, 1,500, 5,000, స్టీపుల్‌చేజ్ నాలుగూ ఊడ్చేసింది. ఎదురుగా వాళ్లుంటే ఏమయ్యేదన్నది అడిస్ అబాబా హోటళ్లలోనూ నైరోబీ బస్సుల్లోనూ తేలని పంచాయితీ.

ఒలింపిక్స్‌లో కలవని వాళ్లు బురదలో కలిశారు. అప్పట్లో ఏటా మార్చిలో జరిగిన ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీల్లో జెండా రాజకీయాలు తక్కువ, గడ్డి, బురద, వాగులు ఎక్కువ. 1981లో మాడ్రిడ్‌లో ఇథియోపియా బృందం ముందు నడుస్తూ, ల్యాపులు లెక్క తప్పి, ఇంకో ల్యాపు మిగిలుండగానే ఆఖరి దూకుడు దూకేసింది. అలసిపోయాక తెలిసింది ఇంకా ఉందని. వ్యక్తిగత స్వర్ణం అమెరికా వీరుడు క్రెయిగ్ వర్జిన్‌కు పోయింది, జట్టు స్వర్ణం మాత్రం ఇథియోపియాకే దక్కింది. అక్కణ్నుంచి 1985 దాకా వరసగా ఐదేళ్లు వాళ్లదే. 1986లో కెన్యా లాక్కుంది. ఆ తర్వాత 2003 దాకా పద్దెనిమిదేళ్లు పురుషుల జట్టు టైటిల్ ఎవరికీ ఇవ్వలేదు. 1988 ఆక్లాండ్‌లోనైతే మొదటి తొమ్మిది మందిలో ఎనిమిది మంది కెన్యా వాళ్లు. 2004లో బ్రసెల్స్‌లో ఆ వరసను తెంచింది మళ్లీ ఇథియోపియానే.

రెండు దేశాలూ ట్రాక్ మీద అక్షరాలా ఢీకొన్నది 1993 ఆగస్టులో. స్టట్‌గార్ట్ ప్రపంచ చాంపియన్‌షిప్స్, 10,000 మీటర్ల ఫైనల్. ముందు కెన్యా వీరుడు మోజెస్ టనుయ్, వెనకే ఇరవయ్యేళ్ల హైలె గెబ్రెసెలాసీ. మరీ దగ్గరగా. చివరి ల్యాపు గంట మోగుతుండగా హైలె అడుగు టనుయ్ మడమ మీద పడింది. బూటు సగం ఊడింది. టనుయ్ ఒక్క క్షణం తడబడి, కాలు విదిలించి బూటును పారేసి, ఒంటి బూటుతో విరుచుకుపడ్డాడు. ఆ కోపంలో వచ్చిన వేగానికి హైలెకు పది మీటర్లదాకా దూరమైంది. వెనక మలుపు దాకా టనుయ్‌దే. చివరి సూటిదారిలో హైలె అందుకుని దాటేశాడు, అర సెకను తేడా. టనుయ్ తన కోపం దాచుకోలేదు. బూటు ఊడకపోతే గెలిచేవాడా? గంట మోగాక టనుయ్ అంత జోరుగా లేచింది బూటు ఊడినందువల్లే అనేవాళ్లూ ఉన్నారు.

హైలె పుట్టింది ఇథియోపియా ఆర్సీ ప్రాంతంలోని అసెల్లా దగ్గర. రోజూ పది కిలోమీటర్ల దూరంలోని బడికి పుస్తకాలు పట్టుకుని పరిగెత్తిన అలవాటుకు, పెద్దయ్యాకా ఎడమచెయ్యి అలా వంకరగానే ఆడేది. అతనికి సరిజోడు కెన్యాలో బరింగో ప్రాంతం నుంచి వచ్చాడు. పేరు పాల్ టెర్గాట్, సాయుధ దళాల ఉద్యోగి. చిన్నప్పుడు అతను బడికి వెళ్లడానికి ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ పెట్టిన మధ్యాహ్న భోజనమూ ఒక కారణం.

ఈ ఇద్దరి తరం ఎలా పోటీపడిందో చూడాలంటే 1997 ఆగస్టు చాలు. 13న జూరిక్‌లో హైలె 5,000 మీటర్ల ప్రపంచ రికార్డును 12 నిమిషాల 41.86 సెకన్లకు దించాడు. 10,000 రికార్డు కూడా అప్పటికి అతనిదే. తొమ్మిది రోజులకు, 22న బ్రసెల్స్‌లో, ఒకే సాయంత్రం రెండూ పోయాయి. 5,000ను డేనియెల్ కోమెన్ 12 నిమిషాల 39.74 సెకన్లలో, 10,000ను టెర్గాట్ 26 నిమిషాల 27.85 సెకన్లలో పరిగెత్తారు. ఇద్దరూ కెన్యా వాళ్లే. మరుసటి ఏడాది జూన్‌లో, రెండు వారాల వ్యవధిలో, హైలె రెండింటినీ తిరిగి లాక్కున్నాడు.

పతకాల దగ్గర మాత్రం టెర్గాట్‌ది మొండి దురదృష్టం. క్రాస్ కంట్రీలో 1995 నుంచి ఐదేళ్లు వరసగా ప్రపంచ విజేత, హైలె ఎన్నడూ గెలవని పోటీ అది. ట్రాక్ ఎక్కితే మాత్రం 1996 అట్లాంటాలో హైలె వెనక, 1997 ఏథెన్స్‌లో హైలె వెనక, 1999 సెవీలాలో హైలె వెనక. 2000 సెప్టెంబరు 25న సిడ్నీలో చివరి ల్యాపుకు ఐదుగురు మిగిలారు. ముగ్గురు కెన్యా, ఇద్దరు ఇథియోపియా. ఆఖరి క్షణం దాకా ఆగితే హైలెదే గెలుపని టెర్గాట్‌కు నాలుగేళ్ల అనుభవం నేర్పింది. అందుకే ఈసారి 250 మీటర్లుండగానే లేచాడు. మడమ స్నాయువు గాయంతో దిగిన హైలె వెంటపడ్డాడు. సూటిదారి మొత్తం టెర్గాట్‌దే, ఆఖరి రెండు మూడు అడుగులు తప్ప. 27 నిమిషాల 18.20 సెకన్లు ఒకరివి, 18.29 ఇంకొకరివి. 0.09 సెకను! అదే ఒలింపిక్స్‌లో పురుషుల 100 మీటర్ల ఫైనల్లో మొదటివాడికీ రెండోవాడికీ మధ్య తేడా 0.12. పది కిలోమీటర్లు పరిగెత్తి వంద మీటర్ల వాళ్లకంటే దగ్గరగా ముగించారు.

టెర్గాట్ ఆ బాకీని రోడ్డు మీద తీర్చుకున్నాడు. 2003లో బెర్లిన్ మారథాన్‌లో 2 గంటల 4 నిమిషాల 55 సెకన్లతో ప్రపంచ రికార్డు. అది హైలె చేతికి వెళ్లింది, 2007లో, అదే బెర్లిన్‌లో. 2011లో మళ్లీ బెర్లిన్‌లోనే కెన్యాకు చెందిన పాట్రిక్ మకావు తీసుకున్నాడు. వెనకున్న హైలెను వదిలించుకోవడానికి అతను రోడ్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి మెలికలు తిరుగుతూ పరిగెత్తాడు. టెర్గాట్, హైలెల మధ్య స్నేహానికి మాత్రం లోటు రాలేదు. తర్వాతి కాలంలో ఒకరు కెన్యా ఒలింపిక్ కమిటీకి, మరొకరు ఇథియోపియా అథ్లెటిక్స్ సమాఖ్యకు అధ్యక్షులయ్యారు.

ఆడవాళ్ల కథ వేరు, అక్కడ చాలాకాలం పోటీయే లేదు. 1992 బార్సిలోనాలో డెరార్టు తులు 10,000 మీటర్లు గెలిచి, ఒలింపిక్ స్వర్ణం అందుకున్న తొలి నల్ల ఆఫ్రికా మహిళ అయింది. రెండో స్థానంలో వచ్చిన దక్షిణాఫ్రికా తెల్లమ్మాయి ఎలానా మేయర్ కోసం ఆగి, చెయ్యి పట్టుకుని ఇద్దరూ కలిసి ల్యాపు తిరిగారు. కెన్యా మహిళకు తొలి స్వర్ణం 2008లో పమేలా జెలిమో 800 మీటర్లలో తెచ్చేదాకా రాలేదు. పదహారేళ్ల వెనకబాటు! కెన్యా మహిళల 10,000 స్వర్ణం కోసం ఇంకా ఆగాల్సి వచ్చింది, 2024 పారిస్‌లో బియాట్రిస్ చెబెట్ గెలిచేదాకా. ఇప్పుడు రికార్డులు మాత్రం చేతులు మారడం ఆగడం లేదు. 5,000 మీటర్లనే తీసుకుంటే, 2023 జూన్‌లో కెన్యాకు చెందిన ఫెయిత్ కిప్యెగాన్ 14 నిమిషాల 5.20 సెకన్లు, సెప్టెంబరులో ఇథియోపియాకు చెందిన గుదాఫ్ త్సెగాయ్ 14 నిమిషాల 0.21, 2025 జులైలో చెబెట్ 13 నిమిషాల 58.06. మారథాన్‌లోనూ 2023లో తిగిస్ట్ అస్సెఫా పెట్టిన రికార్డును ఏడాదికే రూత్ చెప్నెగెటిచ్ చెరిపేసింది. 2025 మార్చిలో తీసుకున్న నమూనా వల్ల తర్వాత ఆమె మీద మూడేళ్ల డోపింగ్ నిషేధం పడింది. కెన్యాలో ఇలాంటి నిషేధాలు ఒకటీ రెండూ కావు, ఆ నీడ ఈ పోటీ మీద ఉంది.

దేశాల పేర్లు చెప్పుకుంటున్నాం గానీ, నిజానికి ఈ పందెం కొన్ని కొండ ఊళ్ల మధ్యది. ఇథియోపియాలో బెకోజి అనే ఒక చిన్న పట్టణం తులును, కెనెనిసా బెకెలెను, తిరునేష్ దిబాబాను ఇచ్చింది. కెన్యాలో దానికి జవాబు ఇటెన్. అక్కడి సెయింట్ పాట్రిక్స్ బడికి 1976లో పాఠాలు చెప్పడానికొచ్చిన ఐర్లండ్ బ్రదర్ కోల్మ్ ఓకానెల్, అథ్లెటిక్స్ శిక్షణ ఏమీ లేకుండానే ఒలింపిక్ విజేతలను తయారుచేశాడు. మొంబాసా తీరంలోనో, ఇథియోపియా మైదానాల్లోనో ఇలాంటి పేర్లు అరుదు. జన్యువుల మీద రాసిన వ్యాసాలు బోలెడున్నాయి. వాటికంటే ఎత్తు, బడి, పక్క ఊరి గెలుపు చూసిన పిల్లల ఆశ, ఈ మూడే ఎక్కువ వివరిస్తాయి.

పైగా కొండలకు సరిహద్దు తెలియదు. మౌంట్ ఎల్గాన్ సగం కెన్యాలో, సగం ఉగాండాలో ఉంది. ఉగాండా వైపు కప్చోర్వాలో ఉండే సెబెయ్ జనం, కెన్యా పరుగువీరుల్లో సింహభాగమైన కలెంజిన్లకు భాషలోనూ చుట్టరికంలోనూ దగ్గరివాళ్లు. అక్కడివాడైన స్టీఫెన్ కిప్రోటిచ్ ఎల్డొరెట్ పరిసరాల్లో కెన్యా వాళ్లతో కలిసి సాధన చేశాడు. 2012 లండన్ ఒలింపిక్ మారథాన్‌లో ఐదారు కిలోమీటర్లుండగా అదే కెన్యా వాళ్లను, ఏబెల్ కిరూయ్‌ను, విల్సన్ కిప్సాంగ్‌ను వదిలేసి వెళ్లిపోయాడు. అకీబువా తర్వాత నలభై ఏళ్లకు ఉగాండాకు రెండో స్వర్ణం అది. వంట నేర్పిన తోడికోడలి చేతిలోనే పందెంలో ఓడినట్టయింది కెన్యాకు.

ఆ కొండ మీది నుంచే జాషువా చెప్తెగెయ్ వచ్చాడు. 2020లో రెండు నెలల తేడాలో బెకెలె పేరున పదిహేనేళ్లకు పైగా ఉన్న 5,000, 10,000 రికార్డులు రెండూ తీసేసుకున్నాడు. పారిస్ 10,000 ఫైనల్లో ఇథియోపియా ముగ్గురూ వంతులవారీగా ముందు నడిచి వేగం పెంచుతూ పోయారు. ఆ వేగానికి పదముగ్గురు పాత ఒలింపిక్ రికార్డును దాటారు, గెలిచింది మాత్రం వెనక నుంచి చూస్తూ వచ్చిన చెప్తెగెయ్, 26 నిమిషాల 43.14 సెకన్లలో.

2025 సెప్టెంబరులో ప్రపంచ చాంపియన్‌షిప్స్ మళ్లీ టోక్యోలో జరిగాయి. 14న పురుషుల 10,000 మీటర్లలో తూర్పు ఆఫ్రికా వాళ్లు ఒకరినొకరు కాచుకుంటూ మెల్లగా నడిపారు. ఆఖరి ల్యాపులో ఫ్రాన్స్‌కు చెందిన జిమ్మీ గ్రెసియే మధ్యలోంచి దూరి, ఇథియోపియాకు చెందిన యోమిఫ్ కెజెల్చాను 0.06 సెకనుతో ఓడించాడు. మర్నాడు మారథాన్. అందులో కెన్యా, ఇథియోపియా, ఉగాండాలకు కాక టాంజానియాకు దక్కింది స్వర్ణం. అల్ఫోన్స్ సింబు గీత దగ్గర జర్మనీ వీరుడు అమానల్ పెట్రోస్‌ను 0.03 సెకనుతో దాటాడు. ఇద్దరికీ 2 గంటల 9 నిమిషాల 48 సెకన్లే రాశారు, ఫోటో చూసి తేల్చారు. టాంజానియాకు ప్రపంచ చాంపియన్‌షిప్స్‌లో అది మొదటి స్వర్ణం.